నీళ్లు ఓనరువి, పోసే మనిషి ఎవరు? ఒక తొలి ఇంటి కేస్ స్టడీ

హన్మకొండ, కాజీపేట, వరంగల్ చుట్టుపక్కల చిన్న ఇళ్లకు డిజైను ఇవ్వడం, పని జరిగేటప్పుడు చూడడం నా వృత్తి. ఈ కేసులో కాలనీ పేరు, మనుషుల వివరాలు మార్చాను. గొప్ప ఇంజనీరింగు ఏదో జరిగిందని దీన్ని రాయడం లేదు. మధ్యలో నేనే ఒక పెద్ద తప్పు చేశాను. దాన్ని ఒక ఇల్లాలి నోటుపుస్తకం దిద్దింది. అందుకని రాస్తున్నాను.

నేపథ్యం

ఆయన రోజూ కాజీపేటలో రైలెక్కి పక్క జిల్లాకు వెళ్లి, రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే ఉద్యోగి. ఆమె టీచరు. ఇద్దరు పిల్లలు, ఆయన తల్లి. పన్నెండేళ్లుగా అద్దె ఇల్లు. శివారులో 150 గజాల స్థలం: 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు, తూర్పు ముఖం. దాచుకున్న డబ్బు స్థలానికే సరిపోయింది కాబట్టి ఇల్లు మొత్తం బ్యాంకు అప్పు మీద. ఇప్పటికి 912 చదరపు అడుగుల స్లాబు ఒకటి, పిల్లలు పెద్దయ్యాక పైన మరొకటి. శ్రావణంలో గృహప్రవేశం అనుకున్నారు.

అనుమతి ఇప్పుడు పెద్ద తలనొప్పి కాదు. 75 గజాలు దాటి, 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకునే ఇంటికి, 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం కింద స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. వీళ్లకూ వచ్చింది. దాంతో ఇంజనీరు పని అక్కడితో తీరిపోయిందని వీళ్లు అనుకున్నారు, చాలామంది అనుకున్నట్టే. ఆన్‌లైన్లో ఎక్కించడానికి గీయించిన ప్లాను కంప్యూటర్లోనే ఉండిపోయింది. సైటులో ఇల్లు మేస్త్రీ తలలోంచి లేచింది.

మెటీరియల్ వీళ్లది, పని మేస్త్రీది. చదరపు అడుగుకు 330 రూపాయల లేబర్ రేటు, మొత్తం మూడు లక్షల చిల్లర. స్టాంపు కాగితం మీద ఒక పేజీ ఒప్పందం. ముగ్గు పోసినప్పుడు పది శాతం, బేస్‌మెంటుకు పదిహేను, లింటెల్‌కు పదిహేను, స్లాబు పడ్డాక ముప్ఫై, మిగతాది చివర. చూడడానికి సబబుగానే ఉంది. ఈ పంపకంలో ఉన్న చిక్కు తర్వాత చెప్తాను.

ఇక నేల. మా ప్రాంతంలో రెండు వీధుల తేడాతో నేల మారిపోతుంది. ఒకచోట ఎర్ర చల్క, మూడడుగులకే గట్టి మొరం. ఇంకోచోట నల్లరేగడి. వీళ్లది రేగడి: వానకు ఉబ్బి, ఎండకు ముడుచుకుని, చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చే నేల. నాలుగడుగులు తవ్వి అడుగున ఇసుక నింపి ఫుటింగులు వేద్దామని మేస్త్రీ అన్నాడట. "రామప్ప గుడి ఇసుక మీదే నిలబడింది కదా" అని కూడా అన్నాడట. ఈ మాట నేను కనీసం పది సైట్లలో విన్నాను. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక మరీ ఎక్కువగా వింటున్నాను. అక్కడ ఇసుకను ఎటూ జారిపోకుండా బంధించి, గుడి బరువు దాని మీద సమంగా పడేలా చూసుకున్నారు. మనం రేగడి గుంటలో వదులుగా పోసే ఇసుక వానాకాలంలో నీళ్ల తొట్టి అవుతుంది. చుట్టూ ఉన్న రేగడికి ఆ నీళ్లే తాపుతుంది.

ఆమె తండ్రి రైతు, సొంతంగా బావి తవ్వించిన మనిషి. "రేగడి దాటి మొరం తగిలేదాకా ఆపకండి" అని గుంటల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆరున్నర అడుగులకు మొరం తగిలింది. ఈ ఇంటికి జరిగిన అతి పెద్ద మేలు అది. అందులో నా పాత్ర ఏమీ లేదు.

నన్ను పిలిచిన రోజు

మే మొదట్లో, స్లాబు పోసిన పదహారో రోజున ఫోను వచ్చింది. ఫోను కంటే ముందు పదకొండు వీడియోలు వచ్చాయి. హాలు కప్పుకు అడుగున సన్నటి గీతలు, పైన అటూ ఇటూ పాకిన పగుళ్లు, వెనక ఆయన గొంతు: "ఇది చూడండి సార్, ఇక్కడ కూడా చూడండి." చివరికి ఒకటే ప్రశ్న: స్లాబు కొట్టేయాలా?

సాయంత్రం వెళ్లాను. హాలు 14 అడుగులు, 18 అడుగులు. స్లాబు మందం ఐదంగుళాలు. పోసిన కప్పును గట్టిపడేదాకా మోసే సెంట్రింగు, జాకీలు ఏమీ లేవు. తొమ్మిదో రోజునే విప్పి వేరే సైటుకు తీసుకెళ్లారు. పైన ఎండిపోయిన మట్టి మళ్లు. నీళ్లు నిలిపింది ఐదు రోజులే. బోరు అడుగంటింది, ట్యాంకర్లు తెప్పించాలి, తెప్పించినా పైకెక్కి పోసే మనిషి లేడు. ఒప్పందం అడిగి తీసుకుని చదివాను. "నీళ్లు, కరెంటు ఓనరువి" అని రాసి ఉంది. పోసే మనిషి ఎవరో రాయలేదు. నీళ్లు మీవి కాబట్టి పోయడం మీ పని అని మేస్త్రీ, క్యూరింగు, అంటే కాంక్రీటును తడిగా ఉంచడం, కట్టడంలో భాగమే కాబట్టి అతని పని అని ఆయన. ఇద్దరూ నిజాయితీగానే అనుకున్నారు. మధ్యలో ఏప్రిల్ చివరి ఎండకు స్లాబు ఎండింది.

పోత రోజు సంగతి ఆమె చెప్పింది. పొద్దున ఆరున్నరకు మొదలు కావాల్సింది, కాంక్రీటు కలిపే మిల్లరు చెడిపోయి పదకొండున్నరకు మొదలైంది. వడగాలిలో సాయంత్రం ఐదు దాకా సాగింది. ఆమె తేదీ, టైము తడుముకోకుండా చెప్పడం అప్పుడే గమనించాల్సింది. గమనించలేదు.

పగుళ్లను ఎలా చదివాను

పైన పగుళ్లూ అడుగున పగుళ్లూ ఒకటే జబ్బు కాదు. పైనవి పోసిన గంటల్లోనే పుట్టినవి. కాంక్రీటు గట్టిపడకముందే పైపొరలో నీరు ఎండకు, గాలికి ఆవిరైపోతే ఇలా ఏటవాలుగా, ఒకదానికొకటి సమాంతరంగా పగులుతుంది. ఇవి చూపుకు భయంకరంగా ఉంటాయి, బరువు మోసే శక్తిని పెద్దగా తగ్గించవు. నీళ్లు దిగి కమ్ములు తుప్పు పట్టకుండా పూడ్చుకుంటే చాలు.

నాకు భయం వేసింది అడుగున ఉన్న సన్న గీతల గురించి. అవి హాలు నడుమ, పొడవు వెంట ఉన్నాయి. వంగిన స్లాబు పగిలే చోటు అదే. పగుళ్ల కార్డు పెట్టి చూస్తే వెడల్పు 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు, మామూలు పరిస్థితుల్లో కాంక్రీటు పనికి మన దేశపు కోడు ఐఎస్ 456 ఒప్పుకునేది 0.3. నీళ్ల గొట్టంతో లెవెలు చూస్తే హాలు నడుమ ఆరు మిల్లీమీటర్లు కుంగింది. ఈ విస్తానికి, అంటే ఆధారాల మధ్య ఈ దూరానికి, 17 దాకా చెల్లుతుంది. అంటే అంకెల ప్రకారం ప్రమాదం కనబడడం లేదు. కానీ స్లాబుకు ఇంకా బరువే పడలేదు.

తొమ్మిదో రోజున జాకీలు తీయడం తప్పా? నాలుగున్నర మీటర్ల లోపు విస్తానికి ఏడు రోజులు చాలని కోడులో ఉంది, మేస్త్రీకి ఆ సంఖ్య నోటికి వచ్చు. కానీ అది మామూలు ఓపీసీ సిమెంటుకు రాసిన లెక్క. వీళ్లు వాడింది పీపీసీ. బూడిద కలిసిన ఈ సిమెంటు మొదట్లో మెల్లగా బలం పుంజుకుంటుంది, అందుకు తడి ఎక్కువ రోజులు కావాలి. తడి ఐదు రోజులే దొరికినప్పుడు తొమ్మిదో రోజు తొందరే. అయితే దీన్ని అజ్ఞానం అనలేను. సిమెంటు మారింది, నోటి లెక్క మారలేదు, అంతే.

ఆ సాయంత్రం మూడు నిర్ణయాలు తీసుకున్నాను. హాలు కింద మళ్లీ జాకీలు పెట్టాలి, అయితే ఆనీ ఆననట్టు. బిగించి పైకి ఎత్తితే కుంగింది సరవ్వదు, పైన కొత్త పగులు వస్తుంది. రెండు, ఇప్పటికైనా మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. పీపీసీ ఆలస్యంగానైనా తాగుతుంది. మూడు, 28 రోజులు నిండేదాకా కొట్టేయడం, ఉంచడం అన్న మాటే ఎత్తకూడదు. మూడోదాన్ని ఆయన చేత ఒప్పించడమే కష్టమైంది. అప్పటికే రెండు రాత్రులు నిద్రలేదు. తల్లి "ఆ ఇంట్లో నేను పడుకోను" అనేసింది.

నా తప్పు

మూడు రోజుల తర్వాత ఆయన కోరిక మీద సైటంతా తిరిగి లోపాల జాబితా రాసిచ్చాను. 37 అంశాలు. కిటికీ మీద సజ్జ వంపు, పిల్లరు పక్క కాంక్రీటు తేనెపట్టులా బోలుగా ఉండడం, గోడల్లో నిలువు కీళ్లు ఒకే గీతలో పడడం, కమ్మికింద ఎడం నిలిపే కవర్ బిళ్లలు లేక కమ్మి బయటికి కనబడిన చోట్లు. ఒక్కటీ అబద్ధం కాదు. శుభ్రంగా టైపు చేసి, ఫొటోలు పెట్టి ఇచ్చాను. నా పని నేను చక్కగా చేశానని అనుకున్నాను.

ఆయన దాన్ని ఉన్నదున్నట్టు మేస్త్రీకి వాట్సాప్‌లో పంపారు. కింద ఒక వాక్యం: వీటన్నిటికీ లెక్క తేలేదాకా రూపాయి ఇవ్వను.

మర్నాటి నుంచి మేస్త్రీ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఇరవై రెండు రోజులు సైటు ఖాళీ.

ఆ జాబితాలో నేను చేసిన పొరపాటు ఏమిటో అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. ప్రాణం మీదికొచ్చే అంశమూ, సున్నం పూస్తే పోయే అంశమూ పక్కపక్కనే వరస సంఖ్యలతో ఉన్నాయి. చదివే ఇంటివాళ్లకు 37 అంటే 37 ప్రమాదాలు. చదివే మేస్త్రీకి 37 అవమానాలు. అంతకు మించిన తప్పు ఇంకొకటి ఉంది: మేస్త్రీతో ఒక్క మాట మాట్లాడకుండా రాశాను. నా ఫీజు ఇచ్చేది ఇంటివాళ్లు కాబట్టి అవతలి పక్షాన్ని వినాలని తోచనే లేదు.

ఈలోగా ఆయన కొత్త మేస్త్రీల కోసం తిరిగారు. ఇద్దరు స్లాబు చూసి, ఇంకొకరు పోసిన కప్పు కింద మేం చెయ్యి పెట్టం అన్నారు. మూడో మనిషి మిగిలిన పనికి అడిగిన డబ్బు మొదటి ఒప్పందం మొత్తం కంటే ఎక్కువ. నెలకు 9,000 అద్దె, బ్యాంకు విడుదల చేసిన సొమ్ము మీద 11,000 వడ్డీ. గోడ ఒక్క ఇటుక కూడా లేవకుండా నెలకు ఇరవై వేలు పోతున్నాయి.

నోటుపుస్తకం

ఒకరోజు సైటులో ఆమె ఒక్కతే ఉన్నప్పుడు, పోత రోజు ఎన్ని బస్తాల సిమెంటు పట్టిందో తెలుసా అని ఊరికే అడిగాను. ఇంటివాళ్లకు అది తెలియడం అరుదు. ఆమె సంచిలోంచి పిల్లల రాతపుస్తకం ఒకటి తీసింది. ముగ్గు పోసిన రోజు నుంచి ప్రతి లారీ, ప్రతి బస్తా, ప్రతి ట్యాంకరు, ఎవరెవరు పనికొచ్చారు, ఎన్నింటికి వెళ్లారు, అంతా ఉంది. పోత రోజు: 101 బస్తాలు.

అక్కడే కూర్చుని లెక్క వేశాను. స్లాబు, బీములు కలిపి సుమారు పదమూడున్నర ఘనమీటర్లు. ఇరవై బలం రావాల్సిన ఎం20 పాళ్లకు, అంటే సిమెంటు, ఇసుక, కంకర ఒకటి, ఒకటిన్నర, మూడు కలిపితే ఘనమీటరుకు దాదాపు ఎనిమిది బస్తాలు, 108 పట్టాలి. ఏడు తగ్గాయి. తక్కువే గానీ మోసం అనదగ్గ తక్కువ కాదు. నీళ్లు ఎన్ని పోశారో ఎవరూ రాయలేదు, అదే అసలు ప్రశ్న. నీళ్లు ఎక్కువయ్యే కొద్దీ బలం పడిపోతుంది, ఆ ఎండలో పోత జారడానికి ఎంత కలిపారో దేవుడికే తెలియాలి. అయినా ఆ 101 చూశాక స్లాబు మీద నాకు మొదటిసారి ఆశ కలిగింది.

ఆమె నన్ను అడగకుండానే ఒక పని చేసింది. మేస్త్రీ భార్యకు ఫోను చేసి, పని సంగతి ఎత్తకుండా, "పోత రోజు నా లెక్కలో 101 బస్తాలున్నాయి, అన్న లెక్కలో ఎన్ని ఉన్నాయో అడుగుతారా, రాసుకోవాలి" అంది. రాత్రి మేస్త్రీయే ఫోను చేశాడు. 104 అన్నాడు. మూడు బస్తాలు మెట్ల కింద దిమ్మెకు వాడారట. ఆమె పుస్తకంలో చూస్తే మర్నాటి పేజీలో మెట్ల దిమ్మె ఉంది, సిమెంటు రాసి లేదు. రెండు లెక్కలూ కలిశాయి. మర్నాడు అతను సైటుకు వచ్చాడు.

ఈసారి నేను కాగితం తీయలేదు. అతన్ని చెప్పమన్నాను. నా దగ్గర 37 ఉంటే అతని దగ్గర పదకొండు ఉన్నాయి, నోటి మీద. వాటిలో సగానికి పైగా బావగారివి. ఇంటాయన అక్క భర్త రోజూ సాయంత్రం నడకకు వచ్చి సైటులో ఆజ్ఞలు ఇచ్చేవారు. మూడు కిటికీలు జరిపించారు. లింటెల్ పడ్డాక వాస్తు చెప్పి మెట్ల దిక్కు మార్పించారు. సంపు అడుగు లోతు పెంచారు. ఒక్కదానికీ కూలి ఇవ్వలేదు, అడిగితే "ఇంటివాళ్లం, మాట అనుకుంటామా" అనేవారు. నేను జాబితాలో తప్పుగా రాసిన కిటికీ అమరిక ఒకటి నిజానికి బావగారి ఆజ్ఞ. మేస్త్రీ దాన్ని నా ముందు ప్రత్యేకంగా చెప్పలేదు. చూపించి ఊరుకున్నాడు.

కోర్లు, తర్వాత నీళ్లు

28 రోజులు దాటాక కోర్లు, అంటే స్లాబు నుంచి గుండ్రంగా కోసి తీసే కాంక్రీటు ముక్కలు, తీయించాం. ముందు రీబౌండ్ హ్యామరుతో, అంటే తట్టి గట్టిదనం చూసే పరికరంతో, స్లాబంతా తట్టాను. దాని అంకెను నేను బలంగా నమ్మను, ముఖ్యంగా ఎండిన పైపొర మీద. కాని ఏ భాగం మిగతాదాని కంటే బలహీనమో చూపిస్తుంది. కోర్లు ఆ బలహీన చోట్లే తీయించాను, కమ్మి తెగకుండా. బాగున్న చోట తీసి గెలవడం వల్ల లాభం లేదు.

మూడు కోర్ల ఘన బలం దిద్దుబాట్ల తర్వాత, చదరపు మిల్లీమీటరుకు న్యూటన్లలో, 18.6, 17.9, 15.8. కోడు ప్రకారం సగటు, కావాల్సిన బలంలో 85 శాతం ఉండాలి, అంటే 17. ఏ ఒక్కటీ 75 శాతం, అంటే 15 కంటే తగ్గకూడదు. సగటు 17.4. గట్టెక్కింది, గర్వపడేంత కాదు.

కాగితం మీద ఇక్కడితో అయిపోవాలి. చాలామంది ఇంజనీర్లు ఇక్కడే సంతకం పెట్టి పక్కకు జరుగుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ రిపోర్టు చదివి ఆయన తల్లి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు: "ఇరవై కావాల్సిన చోట పదహారు వస్తే పాసు ఎలా అవుతుంది?" 85 శాతం నియమం ఎందుకుందో వివరించవచ్చు. వివరణతో ఆమె ఆ కప్పు కింద పడుకుంటుందా? అందుకే కోడు అడగకపోయినా లోడు టెస్టు చేద్దామన్నాను. హాలులో కుంగుడు ముందే ఉంది కాబట్టి నాకూ దాని ఫలితం కావాలి, అది దాచను.

ఇసుక బస్తాలు మోయించే బదులు నీళ్లు ఎంచుకున్నాను. పైన మరో అంతస్తు వస్తుంది, కాబట్టి ఇంట్లో మనుషులు, సామాను బరువు చదరపు మీటరుకు 200 కిలోలు అనుకోవాలి. దానికి ఒకటింపావు రెట్లు 250. గచ్చు, టైల్స్ బరువు ఇంకో 100. మొత్తం 350 కిలోలు. నీళ్లలో అయితే 35 సెంటీమీటర్ల లోతు. హాలు మీద ఇటుక గట్టు కట్టి, ప్లాస్టిక్ షీటు పరవకుండా లోపల సిమెంటు పూశాం. షీటు వద్దనడానికి కారణం ఉంది: స్లాబు ఎక్కడైనా కారితే అదీ తెలియాలి. దాదాపు 8,200 లీటర్లు. జాకీలు తీయకుండా కప్పుకు అంగుళం దిగువన వదిలాం, ఒకవేళ కుంగితే పట్టుకోవడానికి. కింద ఎవరూ నిలబడకుండా తాడు కట్టాం. కింది నుంచి, కుంగుడు కొలిచే డయల్ గేజీ.

ఎంత కుంగితే ఫర్వాలేదన్నది నీళ్లు పోయకముందే గోడ మీద బొగ్గుతో రాయించాను. విస్తం 4.4 మీటర్లు, మందం 125 మిల్లీమీటర్లు. 40ని 4.4తో రెండుసార్లు గుణించి 125తో భాగిస్తే 6.2 మిల్లీమీటర్లు. అంతకన్నా తక్కువ కుంగితే బరువు తీశాక ఎంత తిరిగి లేచిందో చూడాల్సిన అవసరం కూడా లేదంటుంది కోడు. ఆ గుణకారం వాళ్ల పెద్దబ్బాయి, తొమ్మిదో తరగతి, చేశాడు.

పొద్దున నుంచి రెండు ట్యాంకర్లు నింపాం. ఇరవై నాలుగు గంటలు ఉంచాం. మేస్త్రీ ఆ రాత్రి ఇంటికి పోలేదు, పక్క ప్లాటులో నులకమంచం వేసుకున్నాడు. రెండు గంటలకోసారి లేచి టార్చి వేసి గేజీ చూసి ఆమెకు మెసేజీ పెట్టాడు. చివరి అంకె 2.1. నీళ్లు తీసిన మర్నాటికి 1.8 మిల్లీమీటర్లు తిరిగి లేచింది. మూడు చోట్ల చెమ్మ దిగింది. ఆ మూడింటికీ గుర్తు పెట్టి సిమెంటు పాలు ఎక్కించాం. నీళ్లు పోయకపోతే ఆ మూడూ జూలైలో బయటపడేవి.

తల్లి వచ్చి గోడ మీది 6.2 పక్కన 2.1 రాయించి, కొబ్బరికాయ కొట్టించింది. నా రిపోర్టు ఎవరూ మళ్లీ తెరవలేదు.

డబ్బు లెక్క

ఇప్పుడు ఆ ఒప్పందం సంగతి. స్లాబు పడేసరికి 70 శాతం, అంటే 2,10,000 చెల్లించారు. కొలిచి చూస్తే జరిగిన పని 48 శాతం. మిగిలిన 52 శాతం పనికి, అంటే 1,56,000 విలువైన పనికి, చేతిలో ఉన్నది 90,000. స్లాబు పడగానే ఇల్లు సగం దాటిపోయిందని కంటికి అనిపిస్తుంది. కూలి లెక్కలో ప్లాస్టరింగు, గచ్చు, టైల్స్, మెట్లు అసలైన బరువు. ఇలాంటి ఒప్పందంలో స్లాబు తర్వాత సైటుకు రావడం మేస్త్రీకి నష్టం. ఆ ముందు డబ్బు అతను తినేయలేదు, ఇంకో సైటు కూలీలకు కట్టాడు. ఆ సైటులో వాళ్లు అతనికి బాకీ. మా దగ్గర చిన్న మేస్త్రీల బతుకు ఇదే, ఒక ఇంటి అడ్వాన్సుతో ఇంకో ఇల్లు నడుస్తుంది.

బావగారి మార్పులకు కొలిచి 18,000 కట్టాను. అది మేస్త్రీకి రావాల్సిందే. అప్పటికీ 48,000 తేడా. మేస్త్రీ ముందే తీసుకున్న సొమ్ము కాబట్టి న్యాయంగా మొత్తం అతనే భరించాలి. ఆయన అదే పట్టుబట్టారు. నేను న్యాయం గురించి వాదించలేదు. నెలకు ఇరవై వేల అద్దె, వడ్డీ ముందు పెట్టి, ఈ గొడవ ఐదు వారాలు సాగితే ఎంతో లెక్క వేయమన్నాను. ఇరవై నాలుగు వేలకు దగ్గరగా వచ్చింది. సగం సగం అన్నాం. ఆయన ఇచ్చే 24,000 వారం వారం. మేస్త్రీ సగం, ఆ రెండో సైటు బాకీ వసూలయ్యాక. ఆయన మొహం మాడ్చుకునే ఒప్పుకున్నారు. ఆ మాడిన మొహం సబబేనని ఇప్పటికీ అంటాను.

మిగిలిన పనిని పందొమ్మిది ముక్కలు చేశాం. కూలీల వారం డబ్బు శనివారం ఆమె నేరుగా ఇచ్చేది; మేస్త్రీ మిగులు ముక్క పూర్తయ్యాకే. పూర్తి అంటే ఏమిటో ప్రతి ముక్కకు పుస్తకంలో రాశాం, ఆమె స్వయంగా చూడగలిగేలా. గది ప్లాస్టరింగు: ఆరడుగుల బద్ద ఎక్కడ ఆనించినా సందులో రూపాయి బిళ్ల దూరకూడదు. టైల్స్: నాణెంతో తడితే బోలు చప్పుడు రాకూడదు. బాత్రూం గచ్చు: టైల్స్‌కు ముందు రెండు రోజులు నీళ్లు నిలిపితే పక్క గోడ తడవకూడదు. క్యూరింగుకు ఎదురు ప్లాటు కాపలామనిషి భార్యను రోజు కూలికి పెట్టాం, రెండు పూటలా పోసి పుస్తకంలో గీత పెట్టేది. ఆజ్ఞలన్నీ ఆమె పుస్తకంలో రాస్తేనే చెల్లుతాయి. బావగారికి ఈ సంగతి ఎవరు చెప్పాలన్న దాని మీద అరగంట చర్చ జరిగింది, చివరికి తల్లి చెప్పింది.

తర్వాత అంతా సాఫీ అని కాదు. మృగశిర వానలు మొదలయ్యాక బయటి ప్లాస్టరింగు నెల ఆగింది. ఒక గది ప్లాస్టరింగు రూపాయి బిళ్ల పరీక్షలో మూడుసార్లు తప్పింది. శ్రావణం పోయింది, కార్తీకం కూడా పోయింది, మాఘంలో పాలు పొంగించారు. మేస్త్రీ తన సగంలో నాలుగు వేలు ఇంకా బాకీ ఉన్నాడు. ఆమె పుస్తకంలో అది రాసి ఉంది.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు నేను జాబితా రాస్తే మూడు కాగితాలు. ఇవాళే చేయాల్సినవి ఒకటి, అవి ఎప్పుడూ మూడు నాలుగు మించవు. ఫలానా పని మొదలయ్యేలోపు సరిచేయాల్సినవి రెండోది. చూపుకు మాత్రమే బాగోలేనివి మూడోది, అది ఇంటివాళ్లకు ఇవ్వను. మేస్త్రీతో మాట్లాడాకే ఏదైనా రాస్తాను. అతను రాకపోతే రాలేదని రాస్తాను.

కొత్తగా కట్టుకునేవాళ్లు ఒప్పందం చూపిస్తే రేటు కంటే ముందు క్యూరింగు ఎవరిదని వెతుకుతాను. స్లాబు నాటికి చెల్లింపు సగం దాటకుండా చూస్తాను. మేస్త్రీలు దీనికి మొదట ఒప్పుకోరు. వారం కూలి నేరుగా ఇస్తామంటే చాలామంది ఒప్పుకున్నారు. వాళ్లకు కావాల్సింది శనివారం చేతిలో నగదు. ముందు అడ్వాన్సు మీద మోజు దానివల్లే.

ఇక నా చేతిలో లేనిది ఒకటి మిగిలింది. గోడల కింద నేల మట్టాన ఉండే ప్లింత్ బీములను నేరుగా రేగడి మీదే పోశారు. రేగడి ఉబ్బినా తగలకుండా బీము కింద కనీసం 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. లోపల మొరం నింపి గచ్చు దిమ్మిస చేసేశాక ఆ ఖాళీ తవ్వించడం ఇల్లంతా కదిలించడమే. బదులుగా ఇంటి చుట్టూ ఉన్న సందులో రేగడి తీయించి, మొరం కొట్టించి, బయటికి వాలుగా గచ్చు వేయించాం, గోడ వెంట వాన నీరు దిగకుండా. చాలావరకు పనిచేసింది. ఉత్తరం గోడ మీద మాత్రం కిటికీ మూల నుంచి ఒక వెంట్రుక పగులు వానాకాలంలో వస్తుంది, రోహిణి కార్తెకు మూసుకుంటుంది. రెండు చివర్లా పెన్సిలుతో అడ్డగీత పెట్టి పక్కన తేదీ రాయమన్నాను. పోయినసారి వెళ్లినప్పుడు చూశాను, నాలుగు జతల గీతలున్నాయి, పెరుగుదల రెండంగుళాల లోపే. గోడకు రంగు వేయించినప్పుడు ఆ జానెడు చోటు మాత్రం వదిలేయించారట.